అడిగి వేసే పన్ను

చెట్టు నాటడానికి నిధులు వస్తున్నాయి. నాటిన చెట్టుకు నీళ్లు పోసే మనిషికి జీతం ఏ పద్దు కింద ఇవ్వాలో మాత్రం ఎవరూ రాయలేదు. నెక్కొండ లాంటి మేజర్ పంచాయతీలో వాడవాడకూ ఒక పార్కు నిలవాలంటే ఆ పద్దును ఊరే రాసుకోవాలి. గ్రామసభలో అడిగి, ఒప్పించి రాసుకోవాలి.

మార్చి వచ్చిందంటే పంచాయతీ కారోబార్‌కు తీరిక ఉండదు. రసీదు బుక్కు చంకన పెట్టుకుని గడపగడపా ఎక్కి దిగాల్సిందే. ఈసారి ఆయన చేతికిచ్చిన రసీదును మడిచి బీరువాలో పడేసే ముందు లెక్కలో ఏమేం కలిశాయో ఒకసారి అడగండి. ఇంటి పన్ను సరే, నల్లా పన్ను సరే, వీధి దీపాలు సరే. వాటితోపాటు గ్రంథాలయ సెస్సు అని ఒకటి ఉంటుంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను కింద వెయ్యి రూపాయలు కట్టే కుటుంబం పుస్తకాల కోసం మరో 80 రూపాయలు కడుతోందన్నమాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ఈ సెస్సుకు మూలం. దేశంలో ఇలాంటి చట్టాల్లో మొదటిది 1948 నాటి మద్రాసు చట్టం. దాని వెనుక ఎస్.ఆర్. రంగనాథన్ పట్టుదల ఉంది.

అయితే చట్టం కంటే ముందు జనం ఉన్నారు. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే వెలిసింది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి దిక్కులేని ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు చందాలు వేసుకుని నడిపిన గ్రంథాలయం అది. ముందు జనం చందాలిచ్చారు, తర్వాత చట్టం వచ్చింది. ఓరుగల్లు గడ్డ మీద ఒకసారి జరిగిన పనే ఇది. పుస్తకానికి ఒక పద్దు పెట్టుకోగలిగిన మనం, పిల్లలు ఆడుకునే జాగాకు ఒక పద్దు పెట్టుకోలేమా?

పట్నమవుతున్న పల్లె

నెక్కొండ కాజీపేట–విజయవాడ రైలుమార్గం మీద ఉంది. ఇలా రైలు ఆగే ఊళ్లకు ఒక తీరు ఉంటుంది. చుట్టుపక్కల పల్లెలన్నీ ఆ ఊరికే వస్తాయి. పత్తి, మిర్చి, మక్కలు అమ్ముకోవడానికి, పిల్లల చదువులకు, దవాఖానకు, బ్యాంకుకు జనం వస్తూపోతూ ఉంటారు. వచ్చినవాళ్లలో కొందరు ఒక ప్లాటు కొనుక్కుని ఇక్కడే ఉండిపోతారు. అలా ఊరు పెరుగుతుంది. నిన్నటి చెలక ఇవాళ హద్దురాళ్లు పాతిన ప్లాట్లవుతుంది, రేపు మూడు వీధుల కాలనీ అవుతుంది.

పెద్దింటి వాకిలి ఉన్నవాళ్లకు పార్కు లేని లోటు పెద్దగా తెలియదు. ఆ లోటు తెలిసేది రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉండేవాళ్లకు. ఎండాకాలం సాయంత్రం రేకుల ఇల్లు దిగని వేడితో ఉడుకుతుంటే, కూలికి పోయి వచ్చిన తల్లి పసిబిడ్డను ఎత్తుకుని వీధిలో నిలబడుతుంది. ఆమెకు కూర్చోవడానికి ఊళ్లో జాగా ఏది? మగవాళ్లకు హోటల్ బెంచీ ఉంది, స్టేషన్ ప్లాట్‌ఫారం ఉంది, గుడి అరుగు ఉంది. పొద్దుగూకాక ఆడమనిషి పది నిమిషాలు ఊరికే కూర్చోగలిగే చోటు మన ఊళ్లలో లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఎక్కడ ఆడాలన్నది ప్రతి కొత్త కాలనీలో ఏటేటా లేచే ప్రశ్నే. చివరికి రోడ్డు మీద బండ్లను పక్కకు జరిపి ఆడుకోవాల్సి వస్తోంది. పిల్లల క్రికెట్టూ అదే రోడ్డు మీద. పొద్దున్నే వాకింగ్‌కు పోయే షుగర్ పేషెంట్లూ అదే రోడ్డు అంచున, లారీల వెలుగులో నడుస్తారు.

పార్కు అంటే పట్నం సోకు అనే మాట ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఇంట్లో జాగా లేనివాళ్లకు ఊరు ఇచ్చే వాకిలి అది.

మొక్కలు ఎందుకు ఎండాయి?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదంటే అబద్ధమవుతుంది. 2019 సెప్టెంబరు 6న 30 రోజుల ప్రణాళికతో మొదలైన పల్లె ప్రగతి తెలంగాణ పల్లెలకు చాలా ఇచ్చింది. పంచాయతీకొక నర్సరీ, వైకుంఠధామం, చెత్తను వేరుచేసే షెడ్డు, ట్రాక్టరు, ట్యాంకరు వచ్చాయి. 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. రాష్ట్రమంతటా 19 వేలకు పైగా ఆవాసాల్లో ఇవి పెట్టారు. మండలానికి పదెకరాల చొప్పున బృహత్ పల్లె ప్రకృతి వనాలు కూడా తలపెట్టారు. తవ్వకానికీ నాటడానికీ ఎక్కువగా ఉపాధి హామీ డబ్బే ఆధారమైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యతను సర్పంచు మెడకు చుట్టింది.

ఈ వనాలు ఎలా ఉంటాయో వరంగల్ జిల్లాలో తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ రంగేసిన ఇనుప కమాను, దాని మీద తెల్ల అక్షరాలు, లోపల గులకరాళ్ల బాట, బాటకు రెండు పక్కలా గన్నేరు, ఆ వెనక కానుగ, వేప, నేరేడు, ఉసిరి. మంచి వానలు పడ్డ ఊళ్లో, పని తెలిసిన వన సేవకుడు దొరికిన ఊళ్లో ఆ చెట్లు ఇప్పుడు మనిషిని మించి ఎదిగాయి. దొరకని ఊళ్లో గేటుకు తాళం పడింది. లోపల గడ్డి మోకాలి ఎత్తున పెరిగింది. బెంచీ సిమెంటు పలకకు పగులొచ్చింది. మొదటి వేసవిలో నీళ్లందని వరస మొత్తం పుల్లలై నిలబడింది.

లోపం ఎక్కడుంది? జాగా ఎంపికలో కొంత ఉంది. సర్కారు భూమి ఎక్కడ మిగిలితే అక్కడే వనం పెట్టారు. అది చాలాచోట్ల ఊరి చివర, చెరువు కట్ట కింద, వైకుంఠధామం పక్కన. సాయంత్రం ఆడవాళ్లు, పిల్లలు అంతదూరం పోరు. కానీ అసలు లోపం డబ్బు వచ్చే తీరులో ఉంది. కట్టడానికి వచ్చే డబ్బు ఒకసారి వస్తుంది. కాపాడటానికి కావాల్సింది నెలనెలా రావాలి. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు చూద్దాం. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటూ ఆగుతుంది. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరు ఎన్నికల దాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతుల్లోనే ఉన్నాయి. రెండు వేసవులు అట్లాగే గడిచాయి. ట్రాక్టర్ డీజిలుకే కార్యదర్శులు జేబులోంచి పెట్టుకున్నామని వాపోయిన కాలం అది. చెట్టుకు నీళ్ల సంగతి ఎవరికి పట్టింది? పైనుంచి వచ్చే డబ్బు ఎప్పుడైనా ఆగవచ్చు. వేసవి ఆగదు.

2021 అక్టోబరులో శాసనసభలో ప్రకటించిన తెలంగాణ హరితనిధి కూడా పచ్చదనం కోసం పుట్టిందే. ప్రభుత్వ ఉద్యోగి జీతంలో నెలకు 25 రూపాయలు, ఎమ్మెల్యేల నుంచి 500, భూమి రిజిస్ట్రేషన్ మీద 50 రూపాయలు. ఆలోచన మంచిది. కానీ ఆ డబ్బు రాష్ట్రస్థాయి నిధిలో చేరుతుంది. నెక్కొండలో ప్లాటు రిజిస్టరు చేయించుకున్న మనిషి కట్టిన 50 రూపాయలు ఏ చెట్టుకు నీళ్లయ్యాయో ఆ మనిషికి కనిపించదు. జనం పన్ను కట్టడానికి వెనకాడేది బీదరికం వల్లే అనుకుంటే పొరపాటు. పోయిన పైస కంటికి కనబడకపోతే చేయి వెనక్కి వస్తుంది.

ఓటేసి పన్ను వేసుకున్న ఊళ్లు

అమెరికాలో సియాటిల్ చుట్టుపక్కల, రెడ్మండ్, బెల్‌వ్యూ పట్టణాల్లో మన వరంగల్, ఖమ్మం పిల్లలు ఎందరో స్థిరపడ్డారు. ఆ ఊళ్లన్నీ కింగ్ కౌంటీలోవి. అక్కడ పార్కుల కోసం ఇంటి పన్ను పెంచాలంటే ప్రభుత్వం జీవో ఇచ్చేసి ఊరుకోదు. బ్యాలెట్ మీద ఓటరును అడుగుతుంది: ఇంత పన్ను, ఇన్నేళ్లపాటు, ఈ పనులకు. ఒప్పుకుంటారా, ఒప్పుకోరా?

1968 ఫిబ్రవరిలో ఆ కౌంటీ ఓటర్ల ముందు ఒకేసారి చాలా ప్రతిపాదనలు పెట్టారు. ఇంటి పన్నుతో తీర్చే అప్పులకు 60 శాతం ఓట్లు రావాలన్నది నిబంధన. సిటీ రైళ్ల ప్రతిపాదన ఆ గీత దాటలేక ఓడిపోయింది. పార్కులకు 11.8 కోట్ల డాలర్ల ప్రతిపాదన గెలిచింది. రైలు కన్నా పార్కు గొప్పదని దీనర్థం కాదు. ఒకే రోజు, ఒకే ఓటరు, ఒక పన్నుకు సరేనని మరోదానికి వద్దన్నాడు. లెక్క చెప్పి అడిగితే మనిషి ఆలోచించే జవాబిస్తాడు. 2019 ఆగస్టులో అదే కౌంటీ పార్కుల పన్నును ఆరేళ్లకు అడిగింది. ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు దాదాపు 18 సెంట్లు. జనం ఒప్పుకున్నారు. గడువు తీరాక 2025 ఆగస్టులో మళ్లీ అడిగితే మళ్లీ ఒప్పుకున్నారు. రెడ్మండ్‌లోని మేరీమూర్ పార్కు ఈ కౌంటీదే. అందులో క్రికెట్ మైదానం కూడా ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన లెక్క లాస్ ఏంజెలిస్ కౌంటీది. 2016 నవంబరులో అక్కడ ఇంటి విలువను పక్కన పెట్టి వైశాల్యం మీద పన్ను అడిగారు. కట్టిన భవనంలో చదరపు అడుగుకు ఏడాదికి ఒకటిన్నర సెంట్లు. 1,500 చదరపు అడుగుల ఇంటికి 22 డాలర్ల యాభై సెంట్లు. గెలవాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. దాదాపు ముప్పావు వంతు మంది అవునన్నారు. అడగడానికి ముందు వాళ్లు ఒక పని చేశారు. ఏ పేటలో ఎంతమందికి ఎంత పార్కు ఉంది, ఎక్కడ అసలు లేదు అని కౌంటీ అంతా సర్వే చేయించి జనం ముందు పెట్టారు. పార్కు లేని బీద పేటలకు ప్రత్యేకంగా వాటా తీశారు. పెద్ద ఇల్లున్నవాడు ఎక్కువ కడతాడు, వాకిలి లేనివాడికి ముందు పార్కు వస్తుంది.

మన దేశంలో పన్ను మీద ఓటింగు లేదు. కానీ పచ్చదనానికి ఆస్తి పన్నులో పద్దు మనకు కొత్త కాదు. మహారాష్ట్ర పట్టణాల్లో 1975 నాటి వృక్ష సంరక్షణ చట్టం కింద ఆస్తి పన్ను బిల్లులోనే చెట్ల సెస్సు కడుతున్నారు. ముంబయిలో, పుణెలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఆ లైను తెలుసు.

అడగకుండా వేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. పక్క రాష్ట్రంలో 2021లో పట్టణాల ఇళ్ల మీద నెలకు 120 రూపాయల దాకా యూజర్ చార్జీ వేశారు. చెత్త సేకరణ అవసరమైన పనే, దానికి ఖర్చూ అవుతుంది. అయినా జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టి, వీధుల్లో నిలదీసి, చివరికి ఎన్నికల్లో అంశం చేశారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

మన జిల్లాలోనే గంగదేవిపల్లి

అమెరికా సంగతి మనకెందుకు అనేవాళ్లు గీసుకొండ మండలం గంగదేవిపల్లి చూసి రావచ్చు. నెక్కొండ నుంచి బైకు మీద పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి ఇల్లు చేరొచ్చు. సారా మానేసిన ఊరు, నూటికి నూరు శాతం ఇంటి పన్ను కట్టిన ఊరు, నిర్మల్ గ్రామ పురస్కారం అందుకున్న ఊరు. 2015 ఆగస్టు 17న రాష్ట్ర ప్రభుత్వం గ్రామజ్యోతిని ఆ ఊళ్లోనే మొదలుపెట్టిందంటే కారణం ఉంది.

ఆ ఊరికి నిధులు ఎక్కువ వచ్చాయని, నాయకుడు దొరికాడని అంటుంటారు. సర్పంచుగా కూసం రాజమౌళి పాత్ర పెద్దదే, కాదనను. కానీ ఆ ఊరి బలం కమిటీల్లో ఉంది. తాగునీటికొక కమిటీ, వీధి దీపాలకొకటి, పారిశుద్ధ్యానికొకటి. ఏ పనికి ఎంత ఖర్చవుతుందో ఆ కమిటీ తేల్చి ఊరి ముందు పెడుతుంది, ఊరు కూర్చుని సరే అంటుంది, ఆ తర్వాత వసూలు. పక్కింటివాళ్లు కట్టి, మనం కట్టకపోతే తల ఎత్తుకోలేం అన్న మర్యాద అక్కడ పనిచేసింది. జప్తు నోటీసు కంటే అదే బలంగా పనిచేసింది. కింగ్ కౌంటీలో బ్యాలెట్ చేసిన పనిని మన పల్లెలో గ్రామసభ చేయగలదని ఆ ఊరే రుజువు. రాజ్యాంగంలో 243ఏ అధికరణ గ్రామసభకు చోటిచ్చింది. 2018 చట్టం రెండు నెలలకోసారి సభ జరపాలంది. సంతకాల రిజిస్టరు నింపడానికి ఆ సభను వాడుకోవడం దాని విలువ తెలియకనే.

లెక్క వేద్దాం

ఒక మేజర్ పంచాయతీలో వెయ్యి ఇళ్లు పన్ను కడతాయనుకుందాం. సగటున ఇంటికి ఏడాదికి 800 రూపాయలు. ఇంటి పన్ను రూపాయికి 15 పైసలు పార్కు పద్దు అని తీసుకుంటే ఇంటికి ఏడాదికి 120 రూపాయలు, నెలకు 10. ఊరంతా కలిపి లక్షా ఇరవై వేలు. పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్ జీతం నెలకు 9,500. ఏడాదికి లక్షా పద్నాలుగు వేలు. అంటే ఒక తోటమాలి జీతం పోను ఆరు వేలు మిగులుతాయి, గొట్టానికీ గడ్డపారకూ. గొప్ప పార్కు రాదు. కానీ తాళం తీసే మనిషి, నీళ్లు పోసే మనిషి, విరిగిన ఊయలను పైకి కట్టే మనిషి వస్తారు. పార్కు బతకడానికి మొదట కావాల్సింది ఆ మనిషే.

స్థలానికి డబ్బు మరోచోట ఉంది. అది ఇప్పటికే జనం జేబులోంచి పోతోంది. లేఅవుట్ వేస్తే పది శాతం జాగా ఖాళీగా వదిలి పంచాయతీకి అప్పగించాలన్నది నియమం. వదలకుండా ప్లాట్లు చేసి అమ్మిన చోట, 2020 ఆగస్టు 31న వచ్చిన ఎల్‌ఆర్‌ఎస్ కింద క్రమబద్ధీకరణకు పోయినవాళ్లు, మామూలు ఫీజుతోపాటు ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం చార్జీ కట్టాలి. రెండు లక్షల విలువైన ప్లాటుకు 28 వేల రూపాయలు! వెంచర్ వేసినవాళ్లు పార్కును ప్లాట్లుగా కోసి అమ్ముకుని పోయారు, ఆ పార్కు వెలను ఇప్పుడు కొనుక్కున్న బడి పంతులు, ఆటో డ్రైవరు కడుతున్నారు. ఇందులో ఉన్న అన్యాయాన్ని చూస్తే నాకు కోపం వస్తుంది. కట్టిన ఆ డబ్బుతో ఆ కాలనీకి నడిచిపోయేంత దూరంలో ఒక్క గుంట జాగా అయినా కొని పార్కు చేయాలని అడగడం జనం హక్కు. ఏ కాలనీ నుంచి ఎంత వసూలైంది, ఎంత ఊరికి తిరిగివచ్చింది అన్న లెక్క పంచాయతీ గోడ మీద రాయించాలి. వదిలిన పది శాతం జాగాల జాబితా కూడా అక్కడే, సర్వే నంబర్లతో రాయాలి. అప్పగించినట్టు కాగితాల మీద ఉండి నేల మీద ఎవరి రేకుల షెడ్డో వెలిసిన జాగాలు ఏ ఊళ్లో లేవు?

బీదవాళ్ల మీద ఇంకో పన్నా అన్న ప్రశ్న న్యాయమైనదే. మురికి కాలువ తీయని పంచాయతీ పార్కు పేరుతో డబ్బు అడగడమేంటని ఎస్సీ కాలనీ, బీసీ కాలనీ జనం అడిగితే తప్పు పట్టలేం. అందుకే చదరపు అడుగు లెక్క కావాలంటున్నాను. ఒక గీత కింద ఉన్న చిన్న ఇళ్లను, ఇందిరమ్మ ఇళ్లను పూర్తిగా వదిలేయాలి. మెయిన్ రోడ్డు దుకాణాల సముదాయాలు, ఫంక్షన్ హాళ్లు, గోదాములు వాటి వైశాల్యానికి తగ్గట్టు కట్టాలి. మొదటి పార్కు వాకిళ్లు లేని వాడలోనే రావాలి. పెద్ద కాలనీ వాళ్లు ఆ మాట ముందే ఒప్పుకున్నాకే పన్ను గురించి మాట్లాడాలి.

చట్టం సంగతి. గ్రామసభ తీర్మానంతో కొత్త పేరున్న పన్ను పుట్టదు. కానీ ఇంటి పన్ను రేటును నిబంధనలు గీసిన కనిష్ఠ, గరిష్ఠ హద్దుల మధ్య పెట్టుకునే వీలు పంచాయతీకి ఉంది. పెంచిన మేరకు డబ్బు పార్కులకే అని పాలకవర్గం తీర్మానించి, గ్రామసభలో చదివి వినిపించి, చేతులెత్తించవచ్చు. పచ్చదనానికి బడ్జెట్‌లో పది శాతం అన్న మాట పల్లె ప్రగతిలో ఉండనే ఉంది. పార్కు సెస్సును గ్రంథాలయ సెస్సులా చట్టంలో చేర్చే పని శాసనసభది.

అయితే గ్రంథాలయ సెస్సు మనకు దారి చూపుతూనే ఒక హెచ్చరిక కూడా చేస్తోంది. ఆ డబ్బు పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల చేయరు, ఇతర ఖర్చులకు వాడేస్తారు. బకాయిలు పేరుకుపోయి గ్రంథాలయాల్లో కొత్త పుస్తకం దిగదు. కట్టినవాడికి తాను కట్టిన సంగతే తెలియదు కాబట్టి అడిగేవాడూ లేడు. పార్కు పద్దుకు ఆ గతి పట్టకూడదు. ట్రెజరీలో చెక్కులు నెలల తరబడి ఆగిపోతే సర్పంచులు ఎలా మొత్తుకున్నారో చూశాం కనుక, ఈ డబ్బుకు విడిగా బ్యాంకు ఖాతా కావాలి. చెక్కు మీద సర్పంచు, ఉప సర్పంచుల ఉమ్మడి సంతకం ఎలాగూ ఉంది. దానికి తోడు ఖర్చుకు ముందు పార్కు కమిటీ ఒప్పుకోలు ఉండాలి. ఆ కమిటీలో సగానికి పైగా ఆడవాళ్లుండాలి, స్వశక్తి సంఘాల నుంచి తీసుకోవచ్చు. నెలనెలా పైస పైస లెక్క రాసి ఆడిటింగ్ చేయించుకునే అలవాటు ఊళ్లో వాళ్లకున్నంత మరెవరికీ లేదు.

2025 డిసెంబరులో గెలిచి వచ్చిన పాలకవర్గాలకు ఐదేళ్ల కాలం ఉంది. పన్ను గడువు కూడా అంతే పెట్టాలి. తీర్మానంలో నాలుగు సంగతులు రాస్తే చాలు: చదరపు అడుగుకు ఎంత, ఏ ఇళ్లకు మినహాయింపు, మొదటి పార్కు ఏ వాడలో, పద్దు ఏ తేదీతో ముగుస్తుంది. ఆ తేదీకి పార్కు గేటు తెరిచి ఉంటే వచ్చే పాలకవర్గం మళ్లీ అడుగుతుంది. తాళం పడి ఉంటే ఆ పద్దు రసీదులోంచి దానంతటదే పోవాలి.